గవరమ్మ గంట

ఏది ముందో ఏది వెనకో తారుమారు చేస్తానేమో, ముందే చెబుతున్నాను. ఈమధ్య అలాగే అవుతోంది. జరిగింది మాత్రం జరిగింది.

పిల్లలు ఇసకలో అక్షరాలు దిద్దుకునే రోజుల్లో, కొండవాగు ఒడ్డున జిల్లేళ్ళపాలెం అని ఓ ఊరుండేది. ఆ ఊళ్ళో ఓ తాటాకు బడి. ఆ బడికి ఓ పంతులుగారు. బడి ఊడ్చి, కుండలో నీళ్ళు నింపి, గంట కొట్టడానికి గవరమ్మ.

గంటంటే పెద్ద గంటేమీ కాదు. విరిగిన బండిచక్రం నుంచి తీసిన ఇనప పట్టా ముక్క. గుండ్రాయితో కొడితే వాగు అవతలికి వినిపించేది. మొదటి గంటకి పిల్లలు లేవాలి. రెండో గంటకి బయల్దేరాలి. మూడో గంటకి ఇసక ముందు కూర్చోవాలి. గవరమ్మకి అక్షరం ముక్క రాదు. నా అనేవాళ్ళు లేరు. బడి వెనక పాకలో ఉండేది.

ఆ ఊళ్ళో అప్పలసూరి తాత అని మగ్గం నేసే ముసలాయన ఒక్కడే ఉండేవాడు. ఓసారి ఇంట్లో జారిపడి, లేవలేక రెండు రోజులు నేలమీదే ఉండిపోయాడు. కూతురి ఊరెళ్ళాడు కాబోలు అనుకున్నారంతా. మూడో రోజు గవరమ్మ తలుపు తోసి చూస్తే, నాలుక పిడచకట్టుకుపోయి ఉన్నాడు. నీళ్ళు తాగించి బతికించింది.

మర్నాడు పిల్లల ముందు నిలబడి అడిగింది.

"మీలో కాళ్ళున్నవాళ్ళెవరు?"

అందరూ చేతులెత్తారు.

"నోరున్నవాళ్ళెవరు?"

నవ్వుతూ మళ్ళీ ఎత్తారు.

"పొద్దున్నే ఒంటరి ముసలివాళ్ళ గుమ్మం ముందుకెళ్ళి, లేచావా అని అడిగేవాళ్ళెవరు?"

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. నూకాలు చెయ్యి మాత్రం దిగలేదు. నూకాలుకి ఎనిమిదేళ్ళు.

ఆ పిల్ల వంతుకి ఒంటరిగా ఉండే బంగారి మామ్మ గుమ్మం వచ్చింది. ఊళ్ళో అంత నోరున్న మనిషి లేదు, వినికిడి మాత్రం కాస్త తక్కువ. మర్నాడు మొదటి గంట మోగగానే నూకాలు వెళ్ళి తలుపు తట్టింది.

"లేచావా మామ్మా?"

"లేవక చచ్చాననుకున్నావేటే? వచ్చినదానివి ఊరికే నిలబడకుండా ఆ చెంబుడు నీళ్ళు ఇలా పెట్టు."

నూకాలు నీళ్ళు పెట్టి బడికి పరుగెత్తింది. అది చూసి మర్నాడు ఇద్దరు కదిలారు. నెల తిరిగేసరికి బడిలో పిల్లలంతా కదిలారు. ఒకరు సూదిలో దారం ఎక్కించి వచ్చేవారు, ఒకరు పొయ్యిలోకి పుల్లలు అందించి వచ్చేవారు. లోపల్నించి పలుకు రాకపోతే పరుగున వచ్చి గవరమ్మకి చెప్పాలి. అదీ కట్టుబాటు.

ఓ రోజు నూకాలు అడిగింది. "మరి నిన్నెవరు అడుగుతారవ్వా?"

"నన్నడగడం ఎందుకే పిచ్చిదానా? గంట మోగిందంటే నేను లేచినట్టే కదా," అంది గవరమ్మ.

నేరేడు పళ్ళు రాలే రోజులు వచ్చాయి. ఓ పొద్దున మొదటి గంట మోగలేదు. రెండో గంట మోగలేదు. మూడో గంటా మోగలేదు. పంతులుగారు పొరుగూరు వెళ్ళి ఉన్నారు. ఇంకేముంది, సెలవే అనుకున్నారు పిల్లలు. అంతా కలిసి వాగు గట్టు మీద నేరేడు చెట్టెక్కారు. అందరికంటే ముందు ఎక్కింది నూకాలే.

ఎండెక్కాక నాలుక ఊదా రంగు చేసుకుని ఇంటికి పోతుంటే, బంగారి మామ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. చూస్తే పొద్దుట్నించీ అక్కడే ఉన్నట్టుంది.

"ఏమే, ఇవాళ నన్ను అడగలేదేం?"

"గంట కొట్టలేదు కదా మామ్మా. సెలవు."

ముసలామె మొహం మారిపోయింది. "గంట కొట్టలేదా? మరి గవరమ్మ లేచిందేటే?"

నూకాలు పరికిణీ ఒడిలో పళ్ళన్నీ అక్కడే జారిపోయాయి. పరుగెత్తింది. పాకలో గవరమ్మ చాప మీద పడి ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"లేచావా అవ్వా?"

"లేవలేదే," అంది గవరమ్మ.

నూకాలు ఏడుస్తూ కూలబడింది. "సెలవనుకున్నానవ్వా. పళ్ళకి పోయాను."

"సెలవిచ్చింది నేనే కదే. తియ్యగా ఉన్నాయా?"

మూడు రోజులు పిల్లలు వంతులేసుకుని ఆమె దగ్గర కూర్చున్నారు. బంగారి మామ్మ తిట్టుకుంటూనే గంజి కాచి పట్టుకొచ్చింది. అప్పలసూరి తాత మంచినీళ్ళు తెచ్చాడు. మూడో రోజు బయట గంట మోగింది. గవరమ్మ కళ్ళు తెరిచింది.

"ఎవరు కొడుతున్నారే?"

"రోజుకొకరం కొడుతున్నామవ్వా."

"మరి ఆ కొట్టేవాళ్ళని ఎవరు అడుగుతారు?"

ఆ సాయంత్రం గవరమ్మ వెళ్ళిపోయింది.

మర్నాడు గంట కొట్టాల్సిన వంతు అప్పన్న అనే కుర్రాడిది. వాడు గుండ్రాయి ఎత్తాడు. నూకాలు వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

"లేచావా?" అని అడిగింది.

వాడు తెల్లబోయి, "లేచాను," అన్నాడు.

"అయితే కొట్టు."

నూకాలు పెరిగింది, పెళ్ళయింది, ముసలిదయింది. ఆమె గుమ్మం ముందు కూడా ఎవరో ఓ పిల్ల నిలబడి అడిగింది. ఇప్పటికీ ఆ ఊళ్ళో గంట కొట్టేవాళ్ళని ముందు అడుగుతారట. వాళ్ళు పలికాకే గంట మోగుతుంది. తర్వాతే మిగతా తలుపులు.

అమ్మా రాజ్యం, ఇది చదివాక ఈ పేర్లు ఓసారి సరిచూడు తల్లీ. తాత పేరు అప్పలసూరా, అప్పలసామా? నేరేడు చెట్టు ఎక్కింది నూకాలేనా? మీ నాయనమ్మది ఆ ఊరే కదా, నీకు చెప్పే ఉంటుంది. పొద్దున్నే వచ్చి చెబుదువుగాని. పేర్ల సంగతి తర్వాత, రాగానే ముందు తలుపు తట్టి నన్ను అడుగు.