మంత్రసానమ్మ పేరు

అనగా అనగా, మన ముత్తవ్వకు ముత్తవ్వ ఉయ్యాల్లో ఊగుతున్న కాలంలో, ఏటి ఒడ్డున గుండ్లరేవు అనే ఊరుండేది. ఆ ఊళ్ళో ఒక మంత్రసాని. అందరూ ఆమెను మంత్రసానమ్మా అనే పిలిచేవాళ్ళు. పేరేమిటని ఎవరూ అడగలేదు. అడగాలని తోచనూ లేదు.

అప్పట్లో ఆ చుట్టుపక్కల ఊళ్ళ తీరే అంత. మగపిల్లవాడికి తాత పేరు పెట్టేవాళ్ళు, ఆ పేరు కాటిదాకా ఉండేది. ఆడపిల్లకు తల్లి తనకు నచ్చిందేదో పెట్టుకునేది. ఆ పేరు పుట్టింటి గడప దాటగానే పోయేది. తర్వాత ఆమె ఫలానావాడి పెళ్ళాం, ఆనక ఫలానావాడి తల్లి, చివరికి ఒట్టి అవ్వ.

మంత్రసానమ్మకు వాళ్ళమ్మ వేరేలా నేర్పింది. "నొప్పులు పడేదాన్ని ఫలానావాడి పెళ్ళామా అంటే పలకదు. ఫలానావాడి తల్లీ అంటే పలకదు. అమ్మ పెట్టిన పేరుతో పిలువు, ఏ లోకంలో ఉన్నా పలుకుతుంది" అనేది. అందుకని ఏటికి అటూ ఇటూ ఉన్న ఆడవాళ్ళ పేర్లన్నీ మంత్రసానమ్మ నోట్లోనే ఉండేవి.

ఒక ఏడు గత్తర రోగం తగిలి ఇళ్ళకిళ్ళు ఖాళీ అయ్యాయి. ఒక ఇంట్లో అంకమ్మ అనే పసిపిల్ల ఒక్కతే మిగిలింది. గానుగాడించే గురవయ్య, అతని భార్య ఆ పిల్లను పెంచారు. పిల్ల ఈడుకొచ్చింది. ఏటి అవతల నుంచి సంబంధం వచ్చింది. పిల్లా పిల్లవాడూ ఒకరికొకరు నచ్చారు.

పందిట్లో ధార పోసే వేళయింది. పెళ్ళికొడుకు తాత శేషయ్య అడిగాడు.

"పిల్ల తండ్రెవరు?"

"మల్లన్న" అన్నాడు గురవయ్య.

"తాతెవరు?"

"మల్లన్న ఎక్కణ్ణుంచో ఎద్దుల్ని తోలుకుంటూ వచ్చి ఇక్కడ నిలిచిపోయాడండీ. వాళ్ళ నాయనెవరో తెలీదు."

"ముత్తాతెవరు?"

గురవయ్య తల వంచుకున్నాడు.

"మూడు తరాలు చెప్పలేని పిల్లని ఇంటికెట్లా తీసుకుపోయేది?" అని శేషయ్య కండువా దులిపి లేచాడు. అంకమ్మ కన్నీళ్ళు చేతిలోని కొబ్బరిబోండాం మీద పడ్డాయి.

చివరి గుంజ దగ్గర కూర్చున్న మంత్రసానమ్మ అది చూడలేకపోయింది. ఆ పిల్లను మొదట పట్టుకున్నవి తన చేతులే. లేచి ముందుకొచ్చింది.

"అయ్యా, మూడు తరాలు నేను చెబుతాను. అంకమ్మ తల్లి మాణిక్యం. మాణిక్యం తల్లి పోలమ్మ. పోలమ్మ తల్లి సంజీవి."

"ఆడవాళ్ళ పేర్లు ఎవరడిగారు?"

"ఎవరూ అడగరులెండి. మీ తాత పేరేంటయ్యా?"

"శేషయ్య. నాకు పెట్టింది ఆయన పేరే."

"మరి మీ నాయనమ్మ పేరు?"

శేషయ్య నోరు తెరిచాడు. వేలు పట్టుకుని నడక నేర్పిన మనిషి. తన కంచంలో ముద్ద తీసి అతని నోట్లో పెట్టిన మనిషి. నాయనమ్మా అనే పిలిచాడు. పేరు ఎంత తడుముకున్నా దొరకలేదు.

"మునెమ్మ" అంది మంత్రసానమ్మ మెల్లగా. "మీ నాయన పుట్టినప్పుడు మా అమ్మమ్మ పిలిచిన పేరు."

"మునెమ్మ" అనుకున్నాడు శేషయ్య. ఇంకోసారి అనుకున్నాడు. కండువాతో మొహం తుడుచుకుని కూర్చున్నాడు.

"ధార పొయ్యండి" అన్నాడు.

ఏడాది తిరిగేసరికి అంకమ్మ కాన్పుకొచ్చింది. "అంకమ్మా, అంకమ్మా, అంకమ్మా" అని పిలిచి పిలిచి, మంత్రసానమ్మ ఆడపిల్లను ఆమె ఒళ్ళో పెట్టింది. అంకమ్మ అప్పుడడిగింది.

"అవ్వా, నీ పేరేంటి?"

ముసలామె తికమకపడింది. కాసేపు వెతుక్కుంది.

"నాంచారి" అంది సిగ్గుపడుతూ. "మా అమ్మ పోయాక ఎవరూ పిలవలేదే తల్లీ."

కొన్నాళ్ళకు ఆమె మంచాన పడింది. ఊరంతా చుట్టూ చేరింది. మంత్రసానమ్మా అన్నారు, పలకలేదు. అవ్వా అన్నారు, పలకలేదు. అంకమ్మ చంటిదాన్నెత్తుకుని ఏరు దాటి వచ్చి, చెవి దగ్గర వంగి, "నాంచారీ" అంది.

"వస్తన్నానమ్మా" అంది ముసలామె, చిన్నపిల్ల గొంతుతో. ఆ మాటతోనే వెళ్ళిపోయింది.

ఇప్పటికీ ఆ ఏటికి అటూ ఇటూ పెళ్ళి జరిగితే, మూడు తరాల మగవాళ్ళ పేర్లు చెప్పి, మూడు తరాల తల్లుల పేర్లు చెబుతారు. ఆ తర్వాత నాంచారి పేరు చెబుతారు. ఆమెకు కడుపు పండలేదు గానీ, ఆమె పేరు చెప్పని ఇల్లు లేదు. కొత్తకోడలు గడపలో కాలు పెట్టగానే అత్తగారు ముందుగా అడిగే మాట కూడా ఒకటే.

"మీ అమ్మ నిన్నేమని పిలుస్తుందమ్మా?"