కంకర బాట మీద ఎర్రగుడ్డ

సముద్రం పక్కన సరుగుడు అడవి. ఎత్తూ పల్లం లేని నేల. దాని మధ్యగా సైకిళ్ల కోసం మనుషులు కొత్తగా కంకర బాట వేశారు. ఆ బాట అంచున, రాళ్ల మధ్యే, ముత్యాలు అనే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. అవి అచ్చం కంకర రాళ్లలాగే ఉన్నాయి. నక్క జంబయ్య రోజూ ఆ దారంతా వెతికినా కనిపెట్టలేకపోయాడు.

ఒక ఉదయం సైకిళ్లు బారులు తీరి వచ్చాయి. ముందున్న అమ్మాయి చక్రం గుడ్లకి జానెడు దూరంలోకి వచ్చేసరికి ముత్యాలు రెక్కలు విప్పి గగ్గోలు పెట్టింది. అమ్మాయి గభాల్న బ్రేకు వేసింది.

"అయ్యో, గుడ్లు! ఇంకాస్తయితే తొక్కేసేదాన్నే!"

చుట్టూ పెద్ద రాళ్లు పేర్చి, పుల్లకి ఎర్రగుడ్డ కట్టి, పక్కన పాతి వెళ్లింది.

ముత్యాలు ఊపిరి పీల్చుకుందో లేదో, మొగలి పొదలోంచి నవ్వు వినిపించింది.

"ఎంత మంచి మనుషులే ముత్యాలూ! నా కంటికి ఆననిదాన్ని జెండా పాతి మరీ చూపించారు" అన్నాడు జంబయ్య.

ముత్యాలు గబగబా గుడ్ల మీద రెక్కలు పరిచింది.

"ఈ సైకిళ్ల రద్దీ తగ్గనీ. పొద్దు వాలగానే వస్తా. నువ్వు ఎగిరిపోగలవు, అవి ఎగరలేవుగా!" అని జంబయ్య పొదలోనే నడుం వాల్చి నిద్రపోయాడు.

కాసేపటికి ముసలి దున్నపోతు బంగారయ్య మేస్తూ అటు వచ్చాడు. ముత్యాలు ఏడ్చేసింది.

"జెండా ఉంటే జంబయ్య గుడ్లు తినేస్తాడు తాతా. తీసేస్తే చక్రాలు తొక్కేస్తాయి."

"వాడు గుడ్లు చూశాడా, జెండా చూశాడా?"

"జెండానే. అంత దూరం నుంచి గుడ్లెక్కడ కనిపిస్తాయి?"

"అయితే ఏడుపాపు. చివరి సైకిల్ పోనీ."

పొద్దు వాలింది. చివరి సైకిల్ వెళ్లగానే బంగారయ్య పొదకి అడ్డంగా నిలబడి, పుల్లని నోటితో పీకి, బాట అవతలి అంచున గుచ్చాడు. పెద్ద రాళ్లని మూతితో అటు నెట్టాడు. వాటి మధ్యకి ముత్యాలు నాలుగు నున్నటి కంకర రాళ్లు దొర్లించి, వాటిమీదే పొదిగినట్టు కూర్చుంది. అసలు గుడ్లు ఇవతల దిక్కులేకుండా ఉన్నాయి.

బంగారయ్య తప్పుకున్నాడు. అప్పుడే నిద్ర లేచిన జంబయ్య జెండా మీదికి ఒక్క గెంతు గెంతాడు. ముత్యాలు అరుస్తూ పైకి లేచింది. కటుక్కుమంది!

"అమ్మో, నా పన్ను! ఇవేం గుడ్లే?"

"గుడ్లని నేనెప్పుడన్నాను మామా? నువ్వే అన్నావు."

జంబయ్య నెత్తురు కారే నోటితో బిత్తరపోయి బాటంతా చూశాడు. ఎటు చూసినా రాళ్లే. ఏది గుడ్డో, ఏది రాయో! ఇంకోసారి నోరు పెట్టే ధైర్యం లేక, మూలుగుతూ అడవిలోకి పరిగెత్తాడు.

తెల్లారేసరికి బంగారయ్య జెండాని మళ్లీ గుడ్ల పక్కనే పాతాడు. సైకిళ్లు పక్కనుంచి వెళ్లాయి. జంబయ్య కూడా వచ్చాడు. ఎర్రగుడ్డని చూసి, "మళ్లీ అదే మోసమా!" అని వాచిన దవడతో అంత దూరం నుంచే తప్పుకుపోయాడు. పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని బయటికి వచ్చేదాకా రోజూ అంతే.

ఆత్రంతో ఒకసారి పన్ను విరగ్గొట్టుకున్నవాడికి నిజమైన గుడ్డు కూడా రాయిలాగే కనిపిస్తుంది.