కొత్త గోరింట కంచె ప్రారంభోత్సవం

“కార్తీక పౌర్ణమి నాటికి మీ పెరడు రెండింతలవుతుంది. నేను నాటిన ప్రతి కొమ్మా వేరు తన్నుతుంది. మీ పిల్లల మీద ఈగ వాలనివ్వను. ఇది నా మాట!”

ఈ మాట ఇచ్చింది నక్క జంబులయ్య. ఇచ్చిన చోటు గోరింట కంచెకు అవతల. విన్నవాళ్ళు ఇవతల పెరట్లో ఉండే ఎద్దు భూషయ్య, మేక మంగత్త, ఆరుగురు పిల్లల తల్లి కోడి చుక్కమ్మ.

వానలు తగ్గుముఖం పట్టి, నేల ఇంకా తడిగా ఉన్న రోజులవి. కొమ్మ నాటితే బతికే కాలం. పెరట్లో గడ్డి అయిపోయింది. కంచె అవతల మోకాలెత్తున ఉంది. ఆకలి నిజం. ఆ నిజంలోనే జంబులయ్య తన అబద్ధాన్ని పాతాడు.

పాత కంచె నుంచే పెన్సిల్ లావు కొమ్మలు కోశాడు. నాలుగేసి కణుపులు ఉంచి, ఆకులు దూసి, గడ్డికి ఆ చివర వరసగా గుచ్చాడు. తడి ఆరిపోకుండా పై కొసలకు పేడముద్దలు పెట్టాడు. అంతా పని తెలిసినవాడి పద్ధతే. ఒక్క కొమ్మను కూడా ఇంకొకరి చేత మాత్రం నాటించలేదు.

“ఇవి చిగురించగానే పాత కంచె పీకేద్దాం. ఇరుకు గోడలు కూలాలి! విశాలమైన పెరడు మన హక్కు!” అన్నాడు.

“మన హక్కు!” అంది మంగత్త, గడ్డి వైపు చూస్తూ.

“వేళ్ళొచ్చాయో లేదో ఎలా తెలుస్తుంది మావా?” అని అడిగింది చుక్కమ్మ.

“చిగురే సాక్ష్యం. కొమ్మ కదిపితే లేతవేరు తెగుతుంది. కదిపినవాళ్ళు మన ఉద్యమానికి ద్రోహులు!”

కొత్త కొమ్మను కదపకూడదన్నది నిజమే. ఆ నిజాన్ని గుమ్మంలో కాపలా పెట్టి, అబద్ధం లోపల హాయిగా కూర్చుంది. మనకు కొత్తా ఇది?

చుక్కమ్మ వెనుదిరిగింది. నక్క కోస్తుండగా ఇవతల పడిన కొమ్మ ఒకటి ముక్కున కరుచుకొచ్చి, కంచె వార నీడలో గుచ్చి, మట్టి తొక్కింది.

పద్దెనిమిది రోజులకు జంబులయ్య వరసంతా లేతాకు వేసింది. చుక్కమ్మ కొమ్మ మీద ఆవగింజంత మొగ్గ.

“చూశావా చుక్కమ్మా? ఆయనవి పచ్చగా ఉన్నాయి, నీది బోడిగా నిలబడింది,” అన్నాడు భూషయ్య. “పెద్దవాళ్ళ మీద అనుమానం మంచిది కాదమ్మా. రేపు పొద్దున్నే తాడు వేసి పాత కంచె లాగేస్తా.”

చుక్కమ్మ తన ఆరుగురినీ చూసుకుంది. ఈ ముళ్ళు లేకపోతే జంబులయ్యకూ వాళ్ళకూ మధ్య మిగిలేది గాలే. కంచె మొదట్లోకి వెళ్ళి మట్టిలోకి వంగి పిలిచింది.

“వానపామన్నా, ఒక్క మాట.”

“అక్కడి నుంచే చెప్పు,” అంది లోపల్నుంచి గొంతు. “నిన్నటిదాకా మా వాళ్ళను మింగి, ఇవాళ అన్ననయ్యానా?”

“ఆ కొమ్మల కింద ఏముందో చూసి చెప్పన్నా. రేపు కంచె పోతే నా పిల్లలు పోతారు.”

“నా పిల్లలు పోయినప్పుడు నేనెవరిని అడిగాను?”

చుక్కమ్మ తల దించుకుంది. “ఈ కంచె వార మట్టిని నేనూ నా పిల్లలూ ఇక గీరం. మాట,” అంది.

“మాటలు నక్క కూడా ఇచ్చింది. ముందు వెనక్కి జరుగు. ఇంకా. ఆ బండ మీదికి ఎక్కు.”

పిల్లల్ని వెంటబెట్టుకుని చుక్కమ్మ బండ ఎక్కింది. ఎండ నెత్తికొచ్చినా దిగలేదు. అడుగున వానపాము నుంచి వానపాముకు కబురు పాకింది. మధ్యాహ్నం దాటాక మట్టి కదిలింది.

“నీ కొమ్మకు నూలుపోగుల్లాంటి తెల్లటి వేళ్ళున్నాయి. వాడివాటికి ఒక్కటీ లేదు. కింది కొసలన్నీ మాడి ఉన్నాయి. నిప్పులో కాల్చి గుచ్చాడు. కొమ్మలో మిగిలిన తడితో వచ్చిన ఆకులవి. తడి అయిపోతే రాలతాయి.”

వానపాము మాట భూషయ్య వింటాడా? వినడు. కింద ఉన్నవాళ్ళ మాట పైవాళ్ళు ఎప్పుడు విన్నారు గనక! అందుకని చుక్కమ్మ అతని దగ్గరికి వెళ్ళి, “ప్రారంభోత్సవం అంటే దండ లేకుండానా? ఆయన స్థాయికి తగ్గట్టు లావుగా కట్టండి,” అంది. పెరట్లోని బంతిపూలన్నీ దండలోకి వెళ్ళాయి. మంగత్త నాలుగు పూలే తింది.

పొద్దున్నే జంబులయ్య వచ్చాడు. భూషయ్య కంచె పైనుంచి కొమ్ములతో దండ అందించాడు. జంబులయ్య మెడలో వేసుకుని ఛాతీ విరిచాడు.

“అది మీకు కాదు మావా,” అంది చుక్కమ్మ. “మీ మొదటి మొక్కకు. మీ చేత్తోనే వెయ్యాలి.”

నక్క కళ్ళు చిన్నవయ్యాయి. “ఇంత బరువా? లేత మొక్క...”

“కంచె కాబోయేది పూల బరువు మొయ్యదా?”

“మొదటి మొక్కకు జై!” అని అరిచింది మంగత్త. తను నేర్పిన కేకలే తనకు అడ్డం తిరిగితే నాయకుడేం చేస్తాడు? జంబులయ్య దండను కొమ్మకు తగిలించి, ఊపిరి బిగబట్టాడు. కొమ్మ మెల్లగా ఒరిగింది. ఊడి గడ్డిలో పడింది. నల్లటి కొస ఆకాశం వైపు చూసింది.

భూషయ్య నోట్లోంచి తాడు జారింది.

“కదిపిందెవరు మావా?” అంది చుక్కమ్మ.

“కుట్ర! ఒక్క కొమ్మ చెడితే...”

“అయితే రెండోదానికి వెయ్యండి.”

జంబులయ్య వెయ్యలేదు. పరుగెత్తాడు. మెడ వెంట్రుకల్లో బంతి రేకులు అంటుకునే ఉన్నాయి.

నీతి ఒక్కటే: చిగురు చూపించి వేరు దాచేవాడి మాట నమ్మి, ఉన్న కంచె పీకకండి.

నక్కను నేనేమీ అడగను. అడుగుతున్నది మిమ్మల్ని, భూషయ్యా, మంగత్తా. తాడు సిద్ధం చేసుకునే ముందు ఆ ఆరుగురు పిల్లల వైపు ఒక్కసారైనా చూశారా? మార్గశిర శుద్ధ పంచమిలోగా, వాళ్ళ తల్లి ముందు నిలబడి జవాబు చెప్పాలి.