తోక లెక్కలోకి రాదు

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఒక బడి. రెండింటికీ మధ్య ముళ్లకంచె ఒక్కటే అడ్డం. కంచె పక్కన వేపచెట్టు మీదికి రోజూ సాయంత్రం ఒక కొండముచ్చు వచ్చి కూర్చునేవాడు. పేరు గెంతులయ్య. ఒళ్లు రెండు మూరలు, తోక మూడు మూరలు, గొప్పలు ఆరు మూరలు.

బడి మైదానంలో డ్రిల్లు మాస్టారు పిల్లలకు వాలీబాల్ నేర్పేవారు. ఆయన అరిచే మాటలన్నీ గెంతులయ్య చెవిన వేసుకునేవాడు. ఒకరోజు ఎవరో గట్టిగా కొట్టిన పాత బంతి కంచె దాటి పొదల్లో పడింది. పిల్లలు ఎంత వెతికినా దొరకలేదు. ఎలా దొరుకుతుంది? అప్పటికే అది గెంతులయ్య చంకలో ఉంది.

మర్నాడు వాగుకి ఇవతలి గట్టున జంతువులన్నిటినీ పోగేశాడు. రెండు చెట్ల మధ్య తీగలతో అల్లిన వల కట్టించాడు. ఒక బండ ఎక్కి, గొంతు సవరించుకుని, అచ్చం డ్రిల్లు మాస్టారిలా నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"వినండి! గీత వెనక నిలబడి బంతిని వల మీదుగా అవతలికి కొడితే అది సర్వీసు. ఆట దాంతోనే మొదలు. అవతలివాళ్ల సర్వీసు మన మీదికొస్తే రెండు ముంజేతులూ జోడించి మెత్తగా మనవాళ్లకే అందించాలి. అది పాస్. అందిన బంతిని వేళ్ల కొసలతో వల పక్కన పైకి లేపితే లిఫ్ట్. లేచిన బంతిని ఎగిరి అవతలి నేలకేసి కొడితే స్మాష్!"

"మరి ఆ స్మాష్ ఎవరు కొడతారు మామా?" అని అడిగింది కుందేలు చెవులమ్మ.

"ఇంకెవరు? నేనే," అన్నాడు గెంతులయ్య.

పాస్‌కి చెవులమ్మ కుదిరింది. లిఫ్ట్‌కి ఎలుగుబంటి బొంతమ్మ కుదిరింది. చూడటానికి మొరటుగా ఉన్నా, ఆమె వేళ్ల మీద బంతి పువ్వులా లేచేది. దుప్పి, ముంగిస, అడవిపిల్లి తలో చోట నిలబడ్డారు. మిగతావాళ్లు వలకి అవతల నిలబడ్డారు. పాపం, ముళ్లపందికి కూడా ఆడాలని ఉంది. కానీ అది బంతి మీద ఒక్కసారి ఒరిగితే ఇంకేముంది? అందుకని దాన్ని పాయింట్లు లెక్కపెట్టమన్నారు.

ఇంతవరకూ గెంతులయ్య చెప్పినవన్నీ నిజాలే. నిజం తనకి అడ్డం రానంతవరకూ అతను నిజమే చెప్పేవాడు.

మొదటి అడ్డం ఆ రోజే వచ్చింది. "సర్వీసు మన చేతికి తిరిగొచ్చినప్పుడల్లా ఆరుగురూ తలా ఒక స్థానం జరగాలి. దాన్ని రొటేషన్ అంటారు," అని తనే చెప్పాడు. అలా జరిగీ జరిగీ తనే వెనక వరసలో తేలాడు. వెనక వరసవాడు వల దగ్గరికొచ్చి స్మాష్ కొట్టకూడదు. ఆసారి దుప్పి కొట్టింది. అందరూ దుప్పికి చప్పట్లు కొట్టారు. గెంతులయ్యకి కడుపు మండిపోయింది.

"ఆగండాగండి! ఒక సంగతి మరిచిపోయాను. రొటేషన్ పొట్టివాళ్లకే. పొడుగువాళ్లు జరగకుండా వల ముందే ఉంటారు. డ్రిల్లు మాస్టారు చెప్పారు," అన్నాడు.

రెండో అడ్డం తోక. ఎగిరినప్పుడల్లా అది వలకి తగిలేది.

"మామా, వల ముట్టుకుంటే నెట్ టచ్ అనీ, పాయింటు అవతలివాళ్లకి పోతుందనీ నువ్వే చెప్పావుగా?" అంది చెవులమ్మ.

"తోక లెక్కలోకి రాదు. బడిపిల్లల్లో ఎవరికైనా తోక ఉందా? లేదు. అందుకే రూల్లో తోక ఊసే లేదు," అన్నాడు గెంతులయ్య. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదు. చెవులమ్మ చెవులు గోక్కుంటూ తన చోటికి వెళ్లిపోయింది.

మూడోది కాస్త చిత్రమైన సంగతి. అవతలివాడు స్మాష్ కొడితే వల దగ్గర చేతులెత్తి అడ్డుకోవడాన్ని బ్లాక్ అంటారు. బ్లాక్ చేసినవాడి వేలికి తగిలి బంతి గీత బయట పడిందనుకోండి, అది టచ్. పాయింటు కొట్టినవాడికే. ఒక్కోసారి తగిలిందో లేదో చూసేవాళ్లకి తెలియదు. అప్పుడు తగిలినవాడే చెయ్యెత్తి "టచ్, నాదే" అని ఒప్పుకోవాలి. బడిలో పిల్లలు అలాగే ఒప్పుకునేవాళ్లు. గెంతులయ్య వేపచెట్టు మీద నుంచి ఎన్నోసార్లు చూశాడు. చూసినప్పుడల్లా 'ఎంత వెర్రిబాగులవాళ్లు!' అని నవ్వుకున్నాడు.

ఇక్కడ మాత్రం, "చప్పుడు వినపడితేనే టచ్. వినపడకపోతే తగలనట్టే," అని తేల్చేశాడు.

అలా ఉండగా నేరేడుపళ్ల కాలం వచ్చింది. వాగు మధ్య దిబ్బ మీద ఒక నేరేడుచెట్టు ఉంది. ఏటా రెండు గట్లవాళ్లూ దాని కింద కొట్టుకునేవాళ్లు. సగం పళ్లు కాళ్ల కింద నలిగిపోయేవి. ఈసారి అవతలి గట్టు పెద్ద, అడవిపంది కోరలయ్య, కబురు పంపాడు.

"బావలూ, కొట్టుకోవడం ఎందుకు? మీరేదో బంతాట ఆడుతున్నారట. అదే ఆడి తేల్చుకుందాం. గెలిచినవాళ్లు పదిహేను రోజులు పళ్లు తింటారు. ఓడినవాళ్లు ఆ తర్వాత మిగిలినవి ఏరుకుంటారు."

పదిహేను రోజుల తర్వాత నేరేడుచెట్టు కింద మిగిలేవి గింజలే. చెవులమ్మకి నలుగురు పిల్లలు. "అమ్మా, ఈ ఏడైనా మా నాలుకలు ఊదారంగులోకి మారతాయా?" అని నెల రోజులుగా అడుగుతున్నారు. "మామ ఉన్నాడుగా, మారతాయి," అని చెవులమ్మ చెప్పింది. ఆ మాట గెంతులయ్య విన్నాడు. విని ఇంకో అర మూర పెరిగాడు.

పోటీకి రెఫరీగా తీతువు పిట్టను పిలిచారు. ఆమె అరుపే ఈల. పైగా తీతువమ్మ ఏటా గుడ్లు పెట్టేది బడి మైదానంలోనే, గీత పక్కన గులకరాళ్లలో. చెట్టు మీద కూర్చుని ఆట చూసేవాడికి రాళ్లలో పిట్ట ఎలా కనపడుతుంది? ఆ సంగతి గెంతులయ్యకి తెలియనే తెలియదు.

"మాకు ఆట కొత్త. రూల్స్ నువ్వే చెప్పు బావా. నువ్వెలా చెబితే అలా ఆడతాం," అన్నాడు కోరలయ్య.

గెంతులయ్య బండ ఎక్కి అన్నీ చెప్పాడు. రొటేషన్ పొట్టివాళ్లకే అన్నాడు. తోక లెక్కలోకి రాదన్నాడు. చప్పుడు వినపడితేనే టచ్ అన్నాడు.

తీతువమ్మ తల పక్కకి వాల్చి చూసింది. "ఇవేనా రూల్స్? బాగా ఆలోచించుకో నాయనా. రెండు జట్లకీ ఇవే వర్తిస్తాయి."

"ఇవేనండీ. రెండు జట్లకీ," అన్నాడు గెంతులయ్య.

"సరే మరి," అని తీతువమ్మ లోలోపల నవ్వుకుంది.

కోరలయ్య వెనక్కి తిరిగి కేకేశాడు. "ఒరే, పొడుగువాళ్లు జరగక్కర్లేదట! మన గున్నమ్మక్కని పిలవండ్రా!"

చెట్లు ఊగాయి. కొమ్మలు విరిగాయి. ఏనుగు గున్నమ్మ వచ్చి వల ముందు నిలబడింది. నిలబడి ఇక కదల్లేదు.

ఆట మొదలైంది. గెంతులయ్య ఎంత ఎగిరి కొట్టినా బంతి గున్నమ్మ నుదుటికి తగిలి తన నెత్తి మీదే పడేది. గున్నమ్మ హాయిగా తొండాన్ని వల మీద ఆనించుకుని మరీ ఆడుతోంది.

"నెట్ టచ్! నెట్ టచ్!" అని అరిచాడు గెంతులయ్య.

"అదేంటి బావా? వెనక వేలాడేది లెక్కలోకి రాకపోతే, ముందు వేలాడేది వస్తుందా?" అన్నాడు కోరలయ్య. అవతలి గట్టంతా ఘొల్లుమని నవ్వింది.

తర్వాత దుప్పి కొట్టిన స్మాష్ అవతలి పునుగుపిల్లి పాదానికి తగిలి బయట పడింది. అందరూ కళ్లారా చూశారు. "టచ్!" అని గోల పెట్టారు.

"చప్పుడు వినపడిందా?" అని అడిగింది తీతువమ్మ. మెత్తటి పిల్లిపాదానికి చప్పుడేమిటి? పాయింటు అవతలి గట్టుకే పోయింది.

ముళ్లపంది లెక్క చదివింది. "అవతలి గట్టు పది. ఇవతలి గట్టు నాలుగు." ముందు పదిహేను చేసినవాళ్లదే గెలుపు.

బొంతమ్మ టైమవుట్ అడిగింది. అంటే ఊపిరి పీల్చుకోవడానికి ఆటలో ఇచ్చే అర నిమిషం. ఆమె గెంతులయ్యని పక్కకి లాగింది.

"అల్లుడూ, నా కళ్లలోకి చూసి చెప్పు. ఆ మాస్టారు నిజంగా ఇలాగే చెప్పారా?"

గెంతులయ్య అవునందామనే అనుకున్నాడు. కానీ గట్టు మీద చెవులమ్మ పిల్లలు నలుగురూ వరసగా కూర్చుని ఉన్నారు. నాలుకలు బయటపెట్టి ఒకరివి ఒకరు చూసుకుంటున్నారు, ఇంకా రంగు రాలేదా అని. అది చూసి అతనికి సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగాక గెంతులయ్యకి సిగ్గేయడం అదే మొదటిసారి.

"లేదత్తా. ఆ మూడూ నేనే కల్పించాను," అన్నాడు. తర్వాత రెండు గట్లకీ వినపడేలా మళ్లీ చెప్పాడు. "రొటేషన్ అందరికీ ఉంది. తోకైనా తొండమైనా వలకి తగిలితే నెట్ టచ్చే. బంతి తగిలినవాడు చెయ్యెత్తి ఒప్పుకోవాలి, చప్పుడుతో పనిలేదు. మిగతా ఆట అసలు రూల్స్‌తో ఆడదామా బావా?"

"గెలుస్తున్నవాళ్లం, మేమెందుకు మార్చుకుంటాం?" అన్నాడు కోరలయ్య.

అప్పుడు తీతువమ్మ నోరు విప్పింది. "అసలు రూల్స్ నాకు ఎప్పుడో తెలుసు. ఆ మైదానంలోనే గుడ్లు పొదిగి పిల్లల్ని లేపినదాన్ని. ఇతను ఎప్పుడు ఒప్పుకుంటాడా అని చూస్తున్నాను. పది, నాలుగు అలాగే ఉంటాయి. ఏం కోరలయ్యా, ఆడి గెలుస్తారా, గున్నమ్మ తొండం చాటున దాక్కుంటారా?"

"దాక్కోవడమా? మేమా?" అని కోరలయ్య కోరలు పైకెత్తాడు. "రమ్మనండి, చూసుకుందాం!"

ఇక అసలు ఆట మొదలైంది. గున్నమ్మ కూడా జరిగి జరిగి సర్వీసు గీత దగ్గరికి చేరింది. ఒక్కటి కొట్టింది. బంతి వల దాటింది, గీత దాటింది, వాగు కూడా దాటింది. ముంగిస వెళ్లి దాన్ని తెచ్చేసరికి అందరూ ఒక కునుకు తీశారు.

గెంతులయ్య తోకని నడుం చుట్టూ చుట్టి ముడేసుకున్నాడు. వెనక వరసకి వెళ్లి పాస్‌కి నిలబడ్డాడు. మొదటి సర్వీసు తిన్నగా వచ్చి అతని ముక్కుకి తగిలింది.

"మోచేతులు వంచకు మామా, మోకాళ్లు వంచు," అంది చెవులమ్మ.

రెండోసారి పాస్ చక్కగా లేచింది. బొంతమ్మ లిఫ్ట్ ఇచ్చింది. దుప్పి స్మాష్ కొట్టింది. అందరూ దుప్పికే చప్పట్లు కొట్టారు. వింత ఏమిటంటే, ఈసారి గెంతులయ్యకి కడుపు మండలేదు. తనూ కొట్టాడు.

ఒక్కొక్క పాయింటూ పెరిగింది. చివరికి అవతలి గట్టు పద్నాలుగు, ఇవతలి గట్టు పదమూడు. అప్పటికి గెంతులయ్య మళ్లీ వల ముందుకి జరిగాడు.

కోరలయ్య ఎగిరాడు. అడవిపంది ఎగరడం ఆ అడవి అంతకుముందు ఎన్నడూ చూడలేదు. గుండెలు పగిలే స్మాష్ కొట్టాడు. గెంతులయ్య చేతులెత్తి బ్లాక్‌కి లేచాడు. బంతి చేతుల పక్క నుంచి దూసుకుపోయి గీత బయట పడింది.

"అవుట్!" అని ఇవతలి గట్టంతా గంతులేసింది. తీతువమ్మ రెక్క ఇవతలి వైపు చాపింది. ముళ్లపంది "పద్నాలుగు, పద్నాలుగు!" అని చదివింది.

కానీ గెంతులయ్య చిటికెనవేలు చుర్రుమంటోంది. బంతి తగిలింది. చప్పుడు లేదు. ఎవరూ చూడలేదు. తీతువమ్మ గీతనే చూస్తోంది. చెవులమ్మ పిల్లలు అప్పుడే పళ్ల మీదికి దూకినట్టు ఎగురుతున్నారు. ఒక్క మాట మింగేస్తే చాలు, ఇంకా ఆట మిగిలే ఉంటుంది.

గెంతులయ్య చెయ్యి రాయిలా బరువెక్కింది. అయినా మెల్లగా పైకి లేచింది.

"టచ్," అన్నాడు. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాడు. "టచ్, నాదే."

పదిహేను, పదమూడు. అవతలి గట్టు గెలిచింది. చెవులమ్మ పిల్లల్లో అందరికంటే చిన్నది బావురుమంది.

గెంతులయ్య తల దించుకుని చెవులమ్మ దగ్గరికి వెళ్లాడు. "నా వల్లే ఓడిపోయాం," అన్నాడు.

"అవును మామా, నీ వల్లే," అంది చెవులమ్మ. "ఆ పది పాయింట్లూ నీ అబద్ధాల వల్ల పోయాయి. ఈ చివరిది నీ నిజం వల్ల పోయింది. ఆ పదికీ నీ మీద కోపంగానే ఉంది. ఈ ఒక్కదానికి మాత్రం లేదు."

మర్నాడు పొద్దున్నే కోరలయ్య వాగు దాటి వచ్చాడు. అతని చేతిలో మోదుగాకు దొప్ప నిండా నేరేడుపళ్లు ఉన్నాయి.

"పళ్లు మావే. పందెం పందెమే. ఈ దొప్ప మాత్రం పిల్లలకి," అన్నాడు. "ఇంకో మాట బావా. వచ్చే ఏడు పోటీకి తీతువమ్మ రాదట, గుడ్ల మీద కూర్చుంటుందట. రెఫరీగా నువ్వు రావాలి."

"నేనా? రూల్స్‌లో అబద్ధాలు కలిపినవాణ్ణి!" అన్నాడు గెంతులయ్య.

"నీ వేలి మీద నువ్వే ఈల వేసుకున్నావు. మా వేళ్ల మీద వెయ్యవా?" అన్నాడు కోరలయ్య.

అప్పటికే దొప్ప ఖాళీ అయింది. నాలుగు నాలుకలు ఊదారంగులోకి మారాయి. అందరికంటే చిన్నది గెంతులయ్య ముందుకొచ్చి నిలబడింది.

"మరి మామా, రెఫరీకి తోక లెక్కలోకి వస్తుందా?" అని అడిగింది.

"వస్తుందే తల్లీ. అందరికంటే ముందు నాదే వస్తుంది," అన్నాడు గెంతులయ్య. అని, తోకని నడుం చుట్టూ ఇంకో చుట్టు బిగించుకున్నాడు.

నీతి: మన లాభం కోసం వంచిన రూలు తిరిగి మన మీదికే వస్తుంది, ఎవరూ చూడనప్పుడు కూడా తప్పు ఒప్పుకున్నవాడి మాటే నలుగురూ నమ్ముతారు.