ఉత్తర వాకిలి చెత్తకుప్ప

ఒకనాటి పొద్దున మేఘాద్రి పట్నాన్నేలే కేతన భూపతి మేడ మీద కూర్చుని, కొత్త అత్తరు మణికట్టుకు రాసుకుని వాసన చూశారు. సరిగ్గా అప్పుడే ఉత్తరపు గాలి వీచింది. రాజుగారు అత్తరు బుడ్డి కింద పెట్టేసి, పైపంచెతో ముక్కు మూసుకుని, అలాగే కొలువుకు వచ్చేశారు.

ఉత్తర వాకిలి దగ్గర తాతలనాటి నుంచీ చెత్తకుప్ప ఒకటి పెరుగుతోంది. ఈమధ్య అది కోటగోడ మీంచి లోపలికి తొంగిచూడటం మొదలుపెట్టింది.

"ఆ కుప్ప నాకు కనపడకూడదు," అన్నారు రాజుగారు పంచె చాటునుంచే. "అలాగని ఊరు దాటించకూడదు, పక్క ఊళ్లవాళ్లకీ ముక్కులున్నాయి. కాల్చకూడదు, పొగ మళ్లీ నాకే వస్తుంది. పూడ్చకూడదు, బావులు పాడవుతాయి. ఉపాయం చెప్పినవాళ్లకు నా జరీ శాలువా."

ఆస్థాన పండితుడు మల్లుభట్టు లేచాడు. ఏ వస్తువునైనా తాకి చూసి, అది ఏ దేశంలో పుట్టిందో చెప్పగలనని ఆయనకు మహా గర్వం. ఆయన చెప్పింది తప్పని ఎవరూ అనలేదు. ఆ దేశాలు చూసొచ్చినవాళ్లు ఊళ్లో లేరు మరి.

"దిగువపేటలోకి తోయిద్దాం ప్రభూ. పల్లం గనక మేడ మీదికి కనపడదు. అక్కడ ఉండేది కుండలు చేసేవాళ్లూ, పీచు పేనేవాళ్లూ. వాళ్లేమీ అనుకోరు."

రాజుగారు తల ఊపి, రేపు తేలుస్తామన్నారు.

కొలువులో తిప్పన అని ఒకడున్నాడు. రాజుగారిని నవ్వించడం అతని ఉద్యోగం. ఆ పూట అతనికే నవ్వు రాలేదు. అతని అత్తగారిల్లు దిగువపేటలోనే ఉంది. సాయంత్రం అటు వెళ్తే, కబురు అతనికంటే ముందే చేరింది. అత్తగారు నాంచారమ్మ గుమ్మంలోనే ఆపింది.

"అల్లుడుగారూ, కుప్ప మా ఇంటికొస్తే మేం మీ ఇంటికొస్తాం. నేనూ, మీ మావగారూ, రెండు గేదెలూ."

మర్నాడు కొలువు తీరీ తీరకముందే తిప్పన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"వానలు వెనకపట్టేదాకా గడువివ్వండి ప్రభూ. ఊరు దాటించను, కాల్చను, పూడ్చను. కుప్పను మాయం చేస్తాను."

"చెయ్యలేకపోతే?" అన్నాడు మల్లుభట్టు.

"ఆ కుప్ప మీదే గుడిసె వేసుకుని కాపురముంటాను."

దిగువపేట జనమంతా కదిలింది. గునపాలూ గంపలూ పట్టుకుని కుప్పను విడదీయడం మొదలుపెట్టారు. చిరిగిన బట్టలు కాగితాలు చేసేవాళ్లకు, చిల్లుపడ్డ చెంబులు కంచరి కొలిమికి, కొబ్బరి డొక్కలు పీచు పేనేవాళ్లకు. అడుగున ఏళ్లతరబడి మాగిన నల్లటి ఎరువు ఊళ్లోని కూరపాదులకు.

ఇక్కడ ఇలా తీస్తుంటే అక్కడ ఊరు అలా పోస్తూనే ఉంది. తడి చెత్త ఒక బుట్టలో, పొడి చెత్త ఒక బుట్టలో వెయ్యండని తిప్పన చాటింపు వేయించాడు. ఎవరూ విన్లేదు. గుడ్డపీలికల్లో చారు, చారులో గాజుపెంకులు. తిప్పనకు కలలో గుడిసె కనపడసాగింది.

ఆఖరికి ఇంకో చాటింపు వేయించాడు. తడీ పొడీ కలిపి పారేసినవాళ్లు మల్లుభట్టుగారి ఇంటికి వెళ్లి, ఆయన కొత్త కావ్యం మొదటినుంచి చివరిదాకా వినాలి.

ఒక్క బెల్లం వర్తకుడు మాత్రం లెక్కచేయలేదు. పొద్దున వెళ్లినవాడు దీపాలవేళకు బయటికొచ్చాడు. ఆ తర్వాత అతని చేతికి అరటితొక్క ఇస్తే, ఏ బుట్టలోదో రెండుసార్లు అడిగి మరీ వేసేవాడు. అతణ్ణి చూసి ఊరు ఊరంతా దారికొచ్చింది. పాపం మల్లుభట్టు మాత్రం శ్రోతల కోసం వీధి అరుగు మీద ఎదురుచూస్తూనే ఉండేవాడు.

వానలు వెనకపట్టాయి. రాజుగారి పుట్టినరోజు విందుకు తిప్పనే ఏర్పాట్లు చేశాడు. అందరికంటే ముందు మల్లుభట్టు రొప్పుకుంటూ వచ్చాడు.

"ప్రభూ, మోసం. ఉత్తర వాకిలి దగ్గర నేల నున్నగా ఉంది. ఇతను కుప్పను చాటుగా ఊరు దాటించేశాడు."

"ఏం తిప్పనా, కుప్ప ఏది?"

"ఊళ్లోనే ఉంది ప్రభూ. ముందు భోంచెయ్యండి. చల్లారిపోతుంది."

అందరూ కూర్చున్నారు. రాజుగారు ఊరుకోక, "భట్టుగారూ, ఈ చాప ఎక్కడిదో చెప్పండి చూద్దాం," అన్నారు.

మల్లుభట్టు కింద తడిమి చూసుకున్నాడు. "సింహళపు పీచు. సందేహం లేదు."

"ఈ దీపం?"

"కాశీ కంచు."

"మీరు నా మీద పద్యాలు రాసి తెచ్చిన ఆ కాగితం?"

"తిప్పన పంపాడు. చూడగానే పోల్చాను, చీనాది. మన దగ్గర ఇంత నునుపు ఎక్కడొస్తుంది?"

"మరి వంకాయ కూర?"

మల్లుభట్టు ఒక ముద్ద తిని, కళ్లు మూసుకుని, ఇంకో ముద్ద తిన్నాడు. "గోదావరి లంకల్లో కాసింది. ఆ నేల రుచే వేరు ప్రభూ."

రాజుగారు తిప్పన వైపు తిరిగారు. "తిన్నాం కదా. ఇప్పుడు చెప్పు. కుప్ప ఎక్కడ?"

తిప్పన వినయంగా వంగాడు.

"భట్టుగారు దాని మీదే కూర్చున్నారు ప్రభూ. సగం తినేశారు కూడా."

మల్లుభట్టు చాపను చూశాడు, దీపాన్ని చూశాడు, పద్యాల కాగితాన్ని తిరగేసి చూశాడు. రాజుగారికి పొలమారింది. వడ్డించేవాళ్లు గరిటెలు కింద పెట్టేసి స్తంభాలు పట్టుకుని నవ్వారు. రాజుగారు కళ్లు తుడుచుకుంటూ శాలువా తీసి తిప్పన భుజాన కప్పి, ఖాళీ అయిన ఆ నేల కొలుములకూ కాగితపు తొట్లకూ దిగువపేటవాళ్లదేనని అక్కడికక్కడే మాటిచ్చారు.

నవ్వులు కాస్త తగ్గాక, మల్లుభట్టు తన విస్తరికేసి చూసుకుంటూ గొంతు సవరించుకున్నాడు.

"ఏదైతేనేం, ఆ వంకాయ ఇంకొంచెం ఇటు వడ్డించండి."