పంది చెప్పిన ధరల జోస్యం

అనగనగా ఒక అడవి. ఎంత పెద్దదని అడక్కండి పిల్లలూ, నాకు లెక్కలు రావని మా పంతులుగారు ఏనాడో తేల్చేశారు. ఆ అడవిలో ఒక ఎలుగుబంటి పది పందుల్ని పెంచేది. వాటిల్లో పెద్దది బొండయ్య.

ఒకరోజు నక్క సావుకారు వచ్చింది. పులులకి మాంసం అందించేది అదే.

"ఎలుగు బావా! పందులు భలే తయారయ్యాయి. మంచి ధర ఇస్తాను, తోలుకుపోనా?" అంది.

బొండయ్య గుండె జారిపోయింది. కానీ మొహంలో ఏమీ కనపడలేదు. పంది మొహానికి ఆ సౌకర్యం ఉంది. నాదీ అలాంటి మొహమేనని మా ఆవిడ అంటుంది.

"దొరా, తొందరపడకండి," అంది బొండయ్య మెల్లగా. "ఇది కార్తీకమాసం. పులులు కూడా నీచు ముట్టవు. నెల ఆగితే ఆవురావురుమంటూ ఎగబడతాయి. ధర రెట్టింపు!"

ఎలుగు తల గోక్కుంది. 'పందిమాంసం సంగతి పందికన్నా ఎవరికి తెలుస్తుంది?' అనుకుంది. నక్కని పంపేసింది. పందులకి ఇంకో బస్తా తవుడు పోసింది.

నెల తిరిగింది. నక్క మళ్ళీ వచ్చింది. ఇంకొంచెం ఎక్కువిస్తానంది.

"అమ్మకండి దొరా! మాఘంలో చిరుతగారింట పెళ్ళి. ఏడు కొండల అవతలి పులులు కూడా దిగుతాయి," అంది బొండయ్య, తవుడు నములుతూ.

ఎలుగు తన తేనెపట్లన్నీ అమ్మి మరీ తవుడు కొంది.

మాఘం వచ్చింది. నక్కా వచ్చింది. పందుల చుట్టూ ఒకసారి తిరిగింది. తిరగడానికే చాలాసేపు పట్టింది.

"బావా, ఇవి పందులా, కొవ్వు బస్తాలా? పులుల్ని వైద్యుడు కొవ్వు మానమన్నాడు. నాకొద్దు," అని వెళ్ళిపోయింది.

ఎలుగు గుర్రుమంది. "ఒరేయ్ బొండయ్యా! ధర పెరుగుతుందన్నావు కదరా!"

"పెరిగింది కదా దొరా, తవుడు ధర!"

ఇంక మేపే శక్తి లేదు. పోనీ తానే తిందామంటే ఎలుగుది తేనె నోరు. ఏం చేస్తుంది? దొడ్డి తలుపు తీసేసింది. పందులు ఒకదాని వెనక ఒకటి దొర్లుకుంటూ బయటపడ్డాయి.

చివర నడుస్తున్న బొండయ్యని ఎలుగు దీనంగా అడిగింది. "పోనీ, ఈ ఏడు నా చేలో ఏం పంట వేయమంటావురా?"

"చిలగడదుంపలు వేయండి దొరా."

"గిరాకీ ఉంటుందంటావా?"

బొండయ్య ముందు నడుస్తున్న తొమ్మిది పందుల్నీ ఒకసారి చూసింది.

"దానికి నాదీ పూచీ!" అంది.

నీతి: సలహా చెప్పేవాడి తెలివి చూస్తే చాలదు, ఆ సలహాతో ఎవరి మెడ దక్కుతుందో కూడా చూసుకోవాలి.