పట్టుపరుపు మీద బంగారు యాంటెన్నా

ఉలవపురి రాజు దుందుభిరాయుడు ఒకనాడు కొలువులో అడుగుపెడుతూనే, చేతిలోని వాకీటాకీని సింహాసనం మీద ఠపీమని కొట్టాడు.

"నా కూతురి గొంతు నాకు శుభ్రంగా వినిపించినవాళ్ళు ఏది అడిగితే అదిస్తాను. వినిపిస్తానని ముందుకొచ్చి చతికిలబడ్డవాళ్ళు పొద్దుగూకేలోగా నా పొలిమేర దాటాలి!"

రాజుల కాలంలో వాకీటాకీలెక్కడివని అడక్కండి. ఉలవపురిలో ఉండేవి. రాజకుమారి లవంగలతని గుట్ట అవతల మినపకోటకి కోడలిగా పంపినప్పుడు, మూడువందల బళ్ళ లడ్డూలతో పాటు ఒక వాకీటాకీ కూడా సారెలో పెట్టారు. దాని జత పుట్టింట్లోనే ఉంచారు. రెండిళ్ళ మధ్యా గట్టిగా రెండు కోసులే.

పెట్టారే గాని, మాట వస్తేనా? నొక్కితే గుర్రు, వదిలితే బుర్రు. అల్లుడుగారి గురక కాబోలని రాజుగారు మొదటివారం మర్యాదగా ఊరుకున్నారు. మహారాణి మాత్రం ఊరుకోలేదు. "పిల్ల గొంతు వినేదాకా ఈ కోటలో ఎవరితోనూ మాట్లాడను" అని నోరు కట్టేసుకుంది. ఆవిడ నోరు తెరిచి చెబితే తప్ప వంటశాలలో పొయ్యి వెలగదు. పదకొండు రోజులుగా రాజుగారు అటుకులు నమిలి నమిలి, నడికట్టు జారి మోకాళ్ళ మీదికొచ్చేంత చిక్కిపోయారు.

ఆస్థాన యంత్రపండితుడు ప్రచండభట్టు మీసం సవరించుకుంటూ లేచాడు.

"ప్రభూ! మొదట వేలంత లావున బంగారు యాంటెన్నా చేయించాను. తర్వాత రోకలంత. ఇవాళ తాటిదూలమంత!"

ముప్ఫైమంది మోసుకొచ్చి, రాజుగారి పాదాల దగ్గర పట్టుపరుపు మీద దాన్ని పడుకోబెట్టారు. నిలబెట్టడానికి వీల్లేదు మరి. ప్రభువుల తలకన్నా ఎత్తుగా ఏదీ నిలబడకూడదని తాతముత్తాతల కట్టడి. ఉలవపురి చూడ్డానికొచ్చిన ఒంటె కూడా మోకాళ్ళ మీదే నడిచి వెళ్ళింది.

రాజుగారు మీట నొక్కారు. గుర్రు. మళ్ళీ నొక్కారు. బుర్రు.

"ఇంకాస్త బంగారం పడితే..." అని భట్టు నసిగాడు.

రాజుగారికి తమలపాకులు చుట్టి అందించే పేరిందేవి ఆ మాట విని పళ్ళెం కింద పెట్టేసింది. లవంగలతని చంకనేసుకుని పెంచింది తనే. పిల్లని దిగబెట్టడానికి మినపకోట వెళ్ళినప్పుడు నిచ్చెనేసుకుని వాళ్ళ మిద్దె ఎక్కి చూసొచ్చింది కూడా. అక్కడ వెదురు కొసన రాగితీగ ఒకటి నిటారుగా నిలబడి ఉంది. కొలిస్తే రెండు జానల రెండు వేళ్ళు.

"నేను వినిపిస్తాను ప్రభూ" అనేసింది. అన్నాక గాని రాజుగారి షరతు గుర్తురాలేదు. ఈ వయసులో పొలిమేర దాటించేస్తే ఎక్కడికి పోతుంది, ఎవరికి ఆకులు చుడుతుంది?

"బంగారం ఎంత కావాలి?" అన్నారు రాజుగారు.

"బంగారం వద్దండి. రెండు జానల రెండు వేళ్ళ రాగితీగ, పొడుగాటి వెదురు. మిద్దె మీద నిలబెట్టి, వాకీటాకీ పెట్టెదాకా ఓ తీగ దింపాలి. అక్కడిది నిలబడి పిలుస్తుంటే ఇక్కడిది పడుకుని వింటే ఎలాగండీ? రెండూ ఒకే తీరుగా నిలబడాలి. గుట్ట మీదుగా ఒకదాన్నొకటి చూసుకోవాలి."

భట్టు ఎగిరిపడ్డాడు. "ఏమే పేరిందేవీ! ప్రభువుల నెత్తి మీద వెదురుబద్దా? రాజద్రోహం!"

పేరిందేవి చేతులు కట్టుకుంది. "పండితులు కదా, మీకు తెలియనిదుందా? ఒక్క సందేహం తీర్చండి. ప్రభువుల మాట వేరు, ప్రభువులు వేరా?"

"హవ్వ! ప్రభువుల మాటంటే సాక్షాత్తూ ప్రభువే! కాదన్నవాడి నాలుక కోయించాలి!"

"ఆ మాట వెళ్ళేది యాంటెన్నాలోంచేనా?"

"సందేహమెందుకు? నా బంగారు యాంటెన్నాలోంచే!"

"అయితే ప్రభువుల్ని అలా నేల మీద బోర్లా పడేశారేం, భట్టుగారూ?"

కొలువు కొలువంతా నోరు తెరిచింది. రాజుగారి కనుబొమలు కిరీటం లోపలికి వెళ్ళిపోయాయి.

"ప... పరుపు వేశాను కద ప్రభూ!" అన్నాడు భట్టు.

"ఎక్కించండి నన్ను మిద్దె మీదికి!" అని గర్జించారు రాజుగారు. భటులు పరిగెత్తుకొచ్చి ఆయన్ని కాళ్ళూ చేతులూ పట్టుకుని లేపేశారు. "నన్ను కాదురా! ఆ తీగని!"

వెదురు మిద్దెకెక్కింది. రాజుగారు మీట నొక్కారు.

గుర్రు.

పేరిందేవి మనసులో అప్పుడే చీరలు మూటకట్టుకుంది. అంతలో కిటికీలోంచి పైకి చూసి అరిచింది. "ఒరేయ్, వెదురు వాలిపోయింది! నిటారుగా పట్టండ్రా!"

వాళ్ళు నిలబెట్టారో లేదో, గంట కొట్టినట్టు లవంగలత గొంతు.

"నాన్నగారూ! ఇన్నాళ్ళూ ఏమైపోయారు? మన ప్రచండభట్టు ఉన్నాడుగా, అన్నిటికీ బంగారం పూసేవాడు! అతగాణ్ణి మాత్రం పెట్టె ముట్టుకోనివ్వకండి!"

మహారాణి పరుగున వచ్చి పెట్టె లాక్కుంది. పదకొండు రోజుల మాటలూ ఒక్క గుక్కలో చెప్పేసింది. మధ్యలో ఒకే ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది, అది వంటశాలకి పొయ్యి వెలిగించమని చెప్పడానికి.

రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి పేరిందేవి పళ్ళెంలో వేశారు. "ఇది నా సంతోషం. ఇంక నీకేం కావాలో అడుగు. భట్టూ, నువ్వు పొలిమేరకి బయల్దేరు!"

"ఆయన్ని పంపేయకండి ప్రభూ, అదే నాక్కావలసింది" అంది పేరిందేవి.

"ఎందుకే?"

"గాలికి వెదురు వాలిపోతోందండి. నిటారుగా పట్టుకోడానికి మిద్దె మీద ఓ పండితుడుండాలి."

రాజుగారు పగలబడి నవ్విన నవ్వుకి కోట గోడలు మూడుసార్లు ఊగి కుదురుకున్నాయి. ఆ నవ్వు వినడానికి మినపకోటలో అల్లుడుగారికి ఏ వాకీటాకీ అక్కర్లేకపోయింది.